ఆదాము నుంచి మనకు వచ్చింది ఏమిటి? పాపం, రక్షణల దగ్గర క్రైస్తవ సంఘాలు ఎందుకు విడిపోతాయి

గుంటూరు ప్రాంతంలో లూథరన్ కుటుంబంలో పుట్టిన బిడ్డకు నెలల వయసులోనే పాస్టరుగారు తలమీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇస్తారు. ఆ బిడ్డే పెరిగి పెద్దయ్యాక స్నేహితుడి వెంట పెంతెకొస్తు ప్రార్థనకు వెళితే ఎదురయ్యే మొదటి ప్రశ్న: "బ్రదర్, రక్షణ పొందారా?" చిన్నప్పుడే బాప్తిస్మం అయిందండీ అంటే అక్కడ చెల్లదు. మారుమనస్సు పొంది ముంపు బాప్తిస్మం తీసుకోవాలంటారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, అయిపోయిన బాప్తిస్మం మళ్లీ ఏమిటని పెద్దవాళ్లు కోప్పడతారు.

పైకి ఇది నీళ్లు చల్లడమా, నీళ్లలో ముంచడమా అన్న తగువులా ఉంటుంది. కానీ నీళ్ల కొలత ఇక్కడ చిన్న విషయం. అసలు తేడా అంతకంటే చాలా వెనక, 1,600 ఏళ్ల కిందట తెగీ తెగని ఒక ప్రశ్న దగ్గర ఉంది: ఆదాము చేసినదాంట్లోంచి ఇవాళ పుట్టిన బిడ్డకు వచ్చేది ఏమిటి? దోషమా, మరణమా, లేక చెడ్డ మాదిరి మాత్రమేనా? ఒక సంఘం దీనికి ఏం జవాబు చెబుతుందో తెలిస్తే బాప్తిస్మం, సిలువ, కృప, నరకం గురించి అది ఏం చెబుతుందో చాలావరకు ముందే ఊహించవచ్చు.

## ఆదికాండంలో ఉన్నది, లేనిది

ఏదెను తోటలో మంచి చెడ్డల తెలివినిచ్చే చెట్టు పండు తినవద్దని, తిన్ననాడు చస్తావని దేవుడు ఆదాముతో చెబుతాడు. సర్పం హవ్వతో మాట కలిపి, మీరు చావనే చావరు అంటుంది. ఆమె తిని భర్తకిస్తుంది, అతడూ తింటాడు. ఒంటిమీద బట్టలేదన్న సంగతి అప్పుడు తెలిసి అంజూరపు ఆకులు కుట్టుకుని చెట్ల చాటున దాక్కుంటారు. నిలదీస్తే ఆదాము హవ్వ మీదికి నెడతాడు, హవ్వ సర్పం మీదికి నెడుతుంది. శాపం అన్న మాట సర్పానికి, నేలకు మాత్రమే పడుతుంది. స్త్రీకి ప్రసవవేదన, పురుషుడికి చెమటోడ్చే బతుకు. చివరకు జీవవృక్ష ఫలం తిని నిరంతరం బతకకుండా ఇద్దరినీ తోటలోంచి పంపేస్తాడు.

కథ ఇంతే. అందులో ఉన్నాయని మనం అనుకునేవి చాలా అందులో లేవు. "పాపం" అన్న మాటే మూడో అధ్యాయంలో రాదు. అది మొదటిసారి కనబడేది 4:7లో, కయీను తమ్ముణ్ణి చంపడానికి ముందు, పాపం వాకిట పొంచి ఉందని దేవుడు హెచ్చరించే చోట. ఆ పండు ఆపిల్ అని లేదు. సర్పమే సాతాను అనీ లేదు. ఆ ముడి వేసింది కొత్త నిబంధన చివరి పుస్తకం, ప్రకటన 12:9. ఆదాము దోషం అతని పిల్లలకు వస్తుందన్న వాక్యం అసలే లేదు.

మరి సాతాను ఎక్కడినుంచి వచ్చాడు? మన సభల్లో తరచూ వినబడే కథ, అందమైన ప్రధాన దూత గర్వించి పడిపోయాడన్నది, ముఖ్యంగా యెషయా 14, యెహెజ్కేలు 28 అధ్యాయాల నుంచి అల్లినది. ఆ అధ్యాయాలు తెరిచి చదివితే మొదటిది బబులోను రాజును, రెండోది తూరు రాజును ఉద్దేశించి అన్న మాటలు. తొలి శతాబ్దాల సంఘ పితరులు వాటి వెనక దూత పతనాన్ని చూశారు. అది వ్యాఖ్యానం. తప్పని కొట్టేయనక్కరలేదు గానీ, మూలంలో నేరుగా అలా రాసి ఉందనుకోవడం పొరపాటు. పైగా దాంతో ప్రశ్న తీరదు, ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది, అంతే: మంచివాడిగా సృష్టి అయిన దూతకు చెడ్డ కోరిక ఎలా పుట్టింది? ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న వేదాంతి అగస్టీను దీనికి ఇచ్చిన జవాబు, చెడు అనేది ఒక పదార్థం కాదు, మంచి లోపించడమే అని. చీకటిని చూడాలని, నిశ్శబ్దాన్ని వినాలని ప్రయత్నించడం ఎలాంటిదో, చెడ్డ ఇచ్ఛకు కారణం వెతకడమూ అలాంటిదే అన్నాడు. ఒప్పుకునేవాళ్లు ఒప్పుకుంటారు, కానివాళ్లు ఇది తప్పించుకోవడమే అంటారు.

ఇదే ఆదికాండాన్ని చదివే యూదు రబ్బీలు వంశపారంపర్య దోషం అనే సిద్ధాంతానికి రాలేదు. మనిషిలో మంచి మొగ్గు, చెడ్డ మొగ్గు రెండూ ఉంటాయి, ధర్మశాస్త్రం పట్టుకుని చెడ్డదాన్ని అదుపులో పెట్టాలి అన్నది వారి దారి. తండ్రి దోషాన్ని కుమారుడు మోయడని యెహెజ్కేలు 18:20 చెబుతుంది. అయితే తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా వస్తుందని నిర్గమకాండం 20:5 అంటుంది. యెరూషలేము దేవాలయం కూలిన తరువాత, మొదటి శతాబ్దం చివర్లో వచ్చిన రెండు యూదు రచనల్లో ఒకటి "ఆదామా, నీవు చేసిందేమిటి" అని ఏడుస్తుంది. రెండోది, ప్రతి మనిషీ తనకు తానే ఆదాము అంటుంది. క్రైస్తవుల మధ్య తరువాత జరిగిన వాదన విత్తనాలు రెండూ అక్కడే ఉన్నాయి.

## పౌలు వేసిన లెక్క

పాత నిబంధనలో మిగతా పుస్తకాలు ఆదాము తప్పు దగ్గరకు దాదాపు వెనక్కి వెళ్లవు. యేసు మాటల్లోనూ ఆ ప్రస్తావన రాదు. ఆదామును మధ్యకు తెచ్చింది పౌలు, సుమారు 57లో రోమీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో. ఒక మనుష్యుని ద్వారా పాపం, పాపం ద్వారా మరణం లోకంలోకి వచ్చాయి; అలాగే ఒక మనుష్యుని ద్వారా నీతి, జీవం వచ్చాయి. ఆదాము ఒక వైపు, క్రీస్తు రెండో వైపు.

పౌలు లెక్క క్రీస్తు దగ్గర మొదలై ఆదాము దగ్గరకు వెళుతుందని గమనించాలి. అందరికీ ఒకే రక్షకుడు అవసరమయ్యాడంటే అందరికీ ఒకే కష్టం ఉండి ఉండాలి. ఆ కష్టం పేరు చెప్పడానికి ఆదాము కావలసి వచ్చాడు. ఆదాము పాపం తరువాతివాళ్లకు ఏ విధంగా అందుతుందో మాత్రం పౌలు వివరించలేదు.

ఆ ఖాళీలోకే ఒక భాషా సమస్య దూరింది. రోమా 5:12 చివర గ్రీకులో ఉన్న చిన్న పదబంధాన్ని నేటి అనువాదాలు ఎక్కువగా "అందరూ పాపం చేసినందున" అనే చెబుతున్నాయి. మన తెలుగు బైబిల్లో ఉన్నదీ "మనుష్యులందరు పాపము చేసినందున" అనే. కానీ లాటిన్‌లో అది "అతనిలో అందరూ పాపం చేశారు" అని చదువుకునేలా పడింది. మొదటి పాఠంలో ఎవరి పాపం వారిది. రెండో పాఠంలో ఆదాము తిన్నప్పుడు మనమంతా అతనిలో ఉన్నాం, మనమూ తిన్నట్టే. పశ్చిమ ఐరోపా వెయ్యేళ్లకు పైగా లాటిన్ బైబిలే చదివింది. ఒక్క పదబంధం వల్లే సిద్ధాంతమంతా పుట్టిందనడం అతిశయోక్తి, ఎందుకంటే అగస్టీను దగ్గర వేరే ఆధారాలూ ఉన్నాయి. కానీ తూర్పు, పశ్చిమ సంఘాలు వేరే దారులు పట్టడంలో దాని పాత్ర చిన్నది కాదు.

## తండ్రి అప్పు, తండ్రి పొలం, తండ్రి అలవాటు

జవాబులు ప్రధానంగా మూడు. ఒక రైతు తాగుడికి అలవాటుపడి ఉన్నదంతా పోగొట్టుకుని చనిపోయాడనుకుందాం.

ఆయన రాసిన ప్రోనోటు కొడుకు పేరున నిలబడితే, కొడుకు రూపాయి వాడుకోకపోయినా బాకీదారుడే. ఆదాము దోషమే మనకు వస్తుందన్న వాదం ఇది.

బాకీ ఏమీ లేదు, పొలం మాత్రం అమ్ముడుపోయింది. కొడుకును ఎవరూ నిలదీయరు, కానీ రెండెకరాల ఆసామిగా పుట్టవలసినవాడు కూలివాడిగా పుట్టాడు. దోషం రాలేదు, నష్టం వచ్చింది. ఆదాము పోగొట్టిన అమరత్వమో, దైవ సహవాసమో లేకుండా మనం పుడుతున్నామన్న వాదం ఇది.

బాకీ లేదు, పొలమూ ఉంది. కొడుకు చిన్నప్పటినుంచి తండ్రి తాగడం చూసి తానూ నేర్చుకున్నాడు. కావాలంటే మానగలడు. ఆదాము చెడ్డ మాదిరి మాత్రమే అన్న వాదం ఇది.

సంఘాలు వీటిని కలిపి కూడా చెబుతాయి. ఉదాహరణకు మొదటి జవాబు చెప్పేవాళ్లంతా రెండోదాన్నీ ఒప్పుకుంటారు. మూడోదాన్ని ఒక్కదాన్నే నమ్మడం మాత్రం పశ్చిమ సంఘంలో 5వ శతాబ్దంలోనే నిషిద్ధమైంది.

## అగస్టీను, పెలాగియస్: పసిబిడ్డ చుట్టూ జరిగిన పోరు

పెలాగియస్ బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన తపస్వి. క్రైస్తవం రాజమతమయ్యాక పేరుకు మాత్రమే క్రైస్తవులైనవాళ్లు రోములో పెరిగారు. మనిషి బలహీనుడు, ఏం చేస్తాం అన్న సాకు ఆయనకు ఒంటికి పడేది కాదు. "నీవు ఆజ్ఞాపించేది నాకు అనుగ్రహించు, ఆపై నీకిష్టమైంది ఆజ్ఞాపించు" అన్న అగస్టీను ప్రార్థన ఎవరో చదివితే విని మండిపడ్డాడట. దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే పాటించగల శక్తీ ఇచ్చాడనేగా అర్థం అన్నది ఆయన తర్కం. స్వేచ్ఛ, ధర్మశాస్త్రం, క్రీస్తు మాదిరి, పాపక్షమాపణ, ఇవన్నీ ఆయన దృష్టిలో కృపే. కాబట్టి పెలాగియస్ కృపను కాదన్నాడనడం పూర్తి నిజం కాదు. మనిషి ఇచ్ఛను లోపలినుంచి మార్చే కృప ముందుగా అవసరమన్న మాటను కాదన్నాడు.

410లో గోతులు రోమును దోచుకున్న రోజుల్లో ఆయన, శిష్యుడు సెలెస్టియస్ ఉత్తర ఆఫ్రికాకు చేరారు. సెలెస్టియస్ కార్తేజ్‌లో దాపరికం లేకుండా మాట్లాడాడు: ఆదాము పాపం ఆదాముకే హాని చేసింది, పుట్టిన బిడ్డ పాపానికి ముందున్న ఆదాములా ఉంటుంది. వివాదం అక్కడ రాజుకుంది.

హిప్పో బిషప్ అగస్టీను పట్టుకున్న ప్రధాన ఆధారం గ్రంథం కాదు, సంఘ ఆచారం. పసిపిల్లలకు "పాపక్షమాపణ నిమిత్తం" అంటూ బాప్తిస్మం ఇస్తున్నాం. అందులో భాగంగా సాతానును వెళ్లగొట్టే ఊదుడూ ఉంది. ఏ పాపమూ చేయలేని బిడ్డకు ఏ పాపం క్షమిస్తున్నాం? సొంత పాపం కాకపోతే ఆదాముదే కావాలి. మనుషులంతా ఆదాములో ఒకే ముద్దగా ఉన్నారు, ఆ ముద్ద మొత్తం శిక్షార్హమైంది, అందులోంచి దేవుడు కొందరిని కృపతో తీసుకుంటాడు. ఈ తర్కాన్ని ఆయన చివరిదాకా నడిపించాడు: బాప్తిస్మం లేకుండా చనిపోయిన శిశువుకు శిక్ష తప్పదు, అయితే అది అన్నిటికంటే తేలికైన శిక్ష. ఆ మాట అనడానికి ఆయనకూ కష్టంగానే ఉన్నట్టు రాతల్లో కనబడుతుంది. కానీ తర్కం వదల్లేదు.

తీర్పులు అటూ ఇటూ ఊగాయి. 415లో పాలస్తీనాలోని డియోస్పోలిస్ సభ పెలాగియస్‌ను నిర్దోషి అన్నది. 417 మొదట్లో పోపు మొదటి ఇన్నొసెంట్ దోషి అన్నాడు. తరువాత వచ్చిన జోసిమస్ ముందు మెత్తబడి, ఏడాదిలో మాట మార్చాడు. 418లో చక్రవర్తి హొనొరియస్ శాసనం, ఆ వెంటనే కార్తేజ్ సభ తీర్మానం. 431లో ఎఫెసు మహాసభ సెలెస్టియస్ పక్షాన్ని ఖండించింది.

ఓడిపోయినా గట్టి ప్రశ్నలు వేసినవాడు ఎక్లానం బిషప్ జూలియన్. పాపం కామం ద్వారా సంక్రమిస్తుందని అగస్టీను అంటే, అలాగైతే వివాహమే చెడ్డదా, నీ పాత మానికేయ మతం (శరీరాన్ని, పదార్థాన్ని చెడ్డవిగా చూసే మతం) ఇంకా వదల్లేదా అని నిలదీశాడు. అగస్టీను యవ్వనంలో తొమ్మిదేళ్లు మానికేయుల్లో ఉన్నాడు కాబట్టి దెబ్బ తగిలే చోటే తగిలింది. ఇంకో చిక్కు: బిడ్డ ఆత్మను దేవుడు కొత్తగా సృష్టిస్తాడా, తల్లిదండ్రుల నుంచి వస్తుందా? కొత్తగా సృష్టిస్తే దానికి పాపం ఎలా అంటింది? అగస్టీను దీన్ని తేల్చకుండానే 430లో కన్నుమూశాడు.

## తూర్పు సంఘాల జవాబు వేరు

గ్రీకు చదివే సంఘాలకు "అతనిలో" అన్న పాఠం అడ్డురాలేదు. ఆర్థడాక్స్ బోధలో ఆదాము నుంచి వచ్చేది మరణం. చావు భయంతో మనిషి తన్ను తాను కాపాడుకోవాలని చూస్తాడు, ఆ తాపత్రయంలో పాపం చేస్తాడు. దోషం మాత్రం ఎవరిది వారిదే. రెండో శతాబ్దపు లియోన్ బిషప్ ఇరేనియస్‌కైతే ఆదాము హవ్వలు సంపూర్ణులు కూడా కారు, ఎదగవలసిన పిల్లల్లాంటివాళ్లు. ఆ వయసుకు తగని దానికి తొందరపడ్డారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దోషం రాదని చెప్పే ఆర్థడాక్స్ సంఘం కూడా పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తుంది, అదీ మూడుసార్లు నీళ్లలో ముంచి. అదే రోజు ప్రభు సంస్కారం కూడా నోటికి అందిస్తారు. క్షమించడానికి పాపం లేకపోతే బాప్తిస్మం ఎందుకన్న అగస్టీను ప్రశ్నకు వారి సమాధానం: మరణాన్ని జయించినవాడి జీవంలో బిడ్డను చేర్చడానికి. కాబట్టి శిశు బాప్తిస్మం ఉన్నచోటల్లా వారసత్వ దోషం నమ్ముతారనుకోకూడదు.

## సిలువ ఏం చేసింది?

యేసు మరణం వల్ల రక్షణ కలిగిందని సంఘాలన్నీ ఒప్పుకుంటాయి. అది ఎలా జరిగిందో చెప్పే ఒకే సిద్ధాంతాన్ని తొలి మహాసభలేవీ ఖాయం చేయలేదు. తొలి శతాబ్దాల్లో ఎక్కువగా వినబడింది విజయం, విమోచన క్రయధనం. మరణం, సాతాను చెరలో ఉన్న మనిషిని క్రీస్తు విడిపించాడు. క్రయధనం ఎవరికి కట్టినట్టు, సాతానుకా? ఆ ఊహను నాలుగో శతాబ్దపు తూర్పు సంఘ పితరుడు నజియాంజు గ్రెగరీ అసహ్యించుకున్నాడు.

కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అన్సెల్మ్ 1098 ప్రాంతంలో దారి మార్చాడు. పాపం దేవునికి చెందవలసిన గౌరవాన్ని ఎగ్గొట్టడం. దానికి ప్రాయశ్చిత్తం చేయవలసినవాడు మనిషి, చేయగలిగినవాడు దేవుడు. అందుకే దేవుడు మనిషయ్యాడు. కొద్దికాలానికి ఫ్రెంచి పండితుడు అబేలార్డ్ ఇంకో వైపు నుంచి వచ్చాడు: సిలువ మీద కనబడిన ప్రేమే మన హృదయాన్ని మారుస్తుంది. పదహారో శతాబ్దపు సంస్కర్తలు, ముఖ్యంగా కాల్విన్, అన్సెల్మ్ మాటను న్యాయస్థానం భాషలోకి తెచ్చారు: మనకు పడవలసిన శిక్షను క్రీస్తు భరించాడు. ఇవాళ తెలుగు సభల్లో వినబడే సువార్త చాలామట్టుకు ఇదే. దీనికి వచ్చిన పదునైన అభ్యంతరం 1594లో వచ్చిన, ఇటలీ వేదాంతి సోసినస్ పుస్తకంలోది: బాకీ పూర్తిగా ముట్టితే ఇక అది క్షమించడం ఎలా అవుతుంది? చెల్లించింది దేవుడే కాబట్టి అదే క్షమాపణ అన్నది సమర్థించేవారి జవాబు.

ఆదాము గురించిన జవాబుకూ దీనికీ ఉన్న లంకె స్పష్టమే. దోషం వచ్చిందనేవాళ్లకు సిలువ తీర్పును కొట్టేయాలి. మరణం వచ్చిందనేవాళ్లకు సిలువకంటే పునరుత్థానం ముందుకొస్తుంది. ఆర్థడాక్స్ సంఘాల్లో ఈస్టరు వైభవానికి కారణం ఇదే. మాదిరి చెడిందనేవాళ్లకు మంచి మాదిరి చాలు.

## ముందు కృపా, ముందు మనిషి నిర్ణయమా?

పెలాగియస్ ఓడిపోయాక ఒక మధ్యేమార్గం వచ్చింది: మొదటి అడుగు మనిషిది, తరువాత కృప తోడ్పడుతుంది. 529లో ఫ్రాన్సులోని ఆరెంజ్ పట్టణంలో జరిగిన సభ దాన్నీ తోసిపుచ్చి, విశ్వసించాలన్న కోరిక కూడా కృప వల్లే పుడుతుందన్నది. అదే సభ, దేవుడు కొందరిని చెడుకు ముందే నియమించాడన్న మాటనూ శపించింది. కాథలిక్కులు క్రియల వల్ల రక్షణ అంటారని మన ప్రొటెస్టెంటు సభల్లో తేలిగ్గా అనేస్తుంటారు. ఈ తీర్మానాన్ని చూస్తే అది న్యాయమైన మాట కాదు.

మరి లూథర్ తగవు ఏమిటి? రెండు చోట్ల. ఒకటి, బాప్తిస్మం తరువాత మనలో మిగిలే పాపపు మొగ్గు పాపమేనా? 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం రెండో అంశం పుట్టుకతో వచ్చే ఈ మొగ్గును నిజంగా పాపమే అంటుంది, బాప్తిస్మం తరువాతా అది పోదు కాబట్టి విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడు, పాపి కూడా అన్నది లూథర్ మాట. 1546 జూన్‌లో కాథలిక్కుల ట్రెంట్ మహాసభ, ఆ మొగ్గు పాపం నుంచి పుట్టి పాపానికి దారితీసేదే గానీ దానంతట అది పాపం కాదన్నది. రెండోది, నీతిమంతులుగా తీర్చబడటం అంటే ఏమిటి? క్రీస్తు నీతిని మన లెక్కలో వేసి దేవుడు తీర్పు చెప్పడం అన్నారు లూథరన్లు. తీర్పు చెప్పడమే కాదు, లోపల నిజంగా నీతిమంతుణ్ణి చేయడం కూడా అన్నది ట్రెంట్ 1547 జనవరి తీర్మానం. మొదటిదాంట్లో సత్క్రియలు ఫలం. రెండోదాంట్లో అవి ఆ నీతిలో ఎదుగుదల కూడా.

ఈ రెండు పక్షాలూ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లోనే ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశాయి: మన యోగ్యత వల్ల కాదు, కృప చేతనే, క్రీస్తునందలి విశ్వాసం ద్వారా దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, ఆత్మ మనల్ని సత్క్రియలకు సిద్ధపరుస్తాడు. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ సంఘాల కూటమి చేరాయి. తేడాలన్నీ తీరాయని ఆ ప్రకటన చెప్పదు. పరస్పర శాపాలు ఇక వర్తించవని చెబుతుంది.

ప్రొటెస్టెంట్లలో లోపలి చీలిక కాల్విన్, అర్మీనియస్ అనుచరులది. కాల్విన్ పక్షం నెదర్లాండ్స్‌లో జరిపిన 1618–19 డోర్ట్ సభ ప్రకారం దేవుడు ఎవరిని రక్షించాలో ముందే ఏర్పరచుకున్నాడు, ఆ కృపను ఎవరూ అడ్డుకోలేరు, నిజంగా రక్షణ పొందినవాడు చివరిదాకా నిలుస్తాడు. ఇందులోని "సంపూర్ణ భ్రష్టత్వం" అన్న మాటకు ప్రతి మనిషీ పరమ దుర్మార్గుడని అర్థం కాదు. బుద్ధి, మనసు, ఇచ్ఛ, ఏదీ పాపం అంటకుండా మిగల్లేదని. అర్మీనియస్ దారిలో నడిచిన మెథడిస్టు ఉద్యమ నాయకుడు వెస్లీ ఆ భ్రష్టత్వాన్ని ఒప్పుకుంటూనే, అందరికీ ముందుగా అందే కృప ఒకటుందని, దానితో మనిషి అవునో కాదో చెప్పగలడని, పొందిన రక్షణను పోగొట్టుకోనూవచ్చని బోధించాడు. మన పెంతెకొస్తు సంఘాలు ఎక్కువగా ఈ దారిలోనివే.

## మూడు సందర్భాల్లో పెట్టి చూస్తే

బాప్తిస్మం లేకుండా చనిపోయిన శిశువు. అగస్టీను జవాబు చూశాం. మధ్యయుగ కాథలిక్ పండితులు శిక్ష లేని, దైవదర్శనమూ లేని లింబో అనే స్థితిని ఊహించారు. అది ఎన్నడూ విశ్వాస సూత్రం కాలేదు. 2007లో వాటికన్ వేదాంత సంఘం అలాంటి శిశువులకు రక్షణ ఉందని ఆశించడానికి గట్టి ఆధారాలున్నాయన్నది. నేటి కాథలిక్ సత్యోపదేశం ప్రకారం జన్మపాపం చేసిన పాపం కాదు, వచ్చిన స్థితి. ఆదిమ పవిత్రత లేకపోవడం. అంటే అప్పు కంటే పోయిన పొలానికే దగ్గర. ప్రెస్బిటేరియన్ల వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం "ఏర్పరచబడిన శిశువులు" రక్షింపబడతారంటుంది. ఎవరు ఏర్పరచబడినవారో చెప్పదు. బాప్టిస్టులు, పెంతెకొస్తులు మంచి చెడు తెలిసే వయసు వచ్చేదాకా లెక్క అడగరంటారు. ద్వితీయోపదేశకాండం 1:39, చనిపోయిన బిడ్డ గురించి దావీదు అన్న మాట (2 సమూయేలు 12:23) ఆధారం. ఆ వయసు ఎంతో బైబిల్లో లేదు. పన్నెండు అన్నది వాడుక.

పసితనంలో బాప్తిస్మం అయిన యువకుడు. కాథలిక్, లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) పెద్దలకు బాప్తిస్మంలో పనిచేసేది దేవుడు. బిడ్డకు తెలియకపోవడం అడ్డు కాదు. పెద్దయ్యాక కన్ఫర్మేషన్‌లో ఆ విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకుంటాడు. రెండోసారి ఇస్తే మొదటిసారి దేవుడు చేసినదాన్ని కొట్టేసినట్టు. బాప్టిస్టులకు బాప్తిస్మం అంటే విశ్వసించినవాడి సాక్ష్యం, కాబట్టి విశ్వాసం లేనప్పుడు జరిగింది స్నానమే. వాళ్ల దృష్టిలో ఇది రెండో బాప్తిస్మం కానే కాదు, మొదటిది. ఆంధ్ర చరిత్రలో ఈ పట్టుదలకు గట్టి ఉదాహరణ ఒంగోలు మిషన్‌ది. 1876–78 కరవులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని చూపించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు సీఎస్ఐగా కలిసినప్పుడు బాప్టిస్టులు కలవలేదు. 1970లో ఏర్పడిన ఉత్తర భారత సంఘం మాత్రం రెండు పద్ధతులనూ అనుమతించి బాప్టిస్టులను చేర్చుకోగలిగింది.

ఒకప్పుడు భక్తిగా ఉండి తరువాత పూర్తిగా తప్పిపోయినవాడు. డోర్ట్ దారిలో రెండే అవకాశాలు: తిరిగి వస్తాడు, లేదా మొదటినుంచీ నిజమైన విశ్వాసి కాడు. వెస్లీ దారిలో ఉన్నది పోగొట్టుకున్నాడు, మళ్లీ మారుమనస్సు పొందవచ్చు. కాథలిక్కులకు చావైన పాపం వల్ల కృప పోయింది. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ద్వారా తిరిగి వస్తుంది. బాప్తిస్మం మాత్రం ఎవరి లెక్కలోనైనా చెరగదు, బాప్టిస్టు సంఘం కూడా తిరిగొచ్చినవాణ్ణి మామూలుగా మళ్లీ ముంచదు.

## ఆదాము ఒక్కడేనా?

పరిణామ శాస్త్రం ఈ చర్చలోకి తెచ్చిన చిక్కు సృష్టి ఆరు రోజులా కాదా అన్నది కాదు. ఆదికాండాన్ని అలంకారంగా చదవడం మూడో శతాబ్దపు వేదాంతి ఓరిగెన్ కాలం నుంచే ఉంది. చిక్కు పౌలు లెక్కతో: ఒక్కడి వల్ల అందరికీ. నేటి మనుషుల జన్యు వైవిధ్యాన్ని బట్టి చూస్తే మన పూర్వీకులు ఒక జంట కాదు, వేలమంది గుంపు అన్నది జన్యు శాస్త్రజ్ఞుల అంచనా. 1950లో పోపు పన్నెండో పయస్, మొదటి జంట ఒక్కటి కాదన్న అభిప్రాయం జన్మపాప బోధతో ఎలా పొసగుతుందో కనబడటం లేదని రాశాడు. ఎప్పటికీ పొసగదని మాత్రం అనలేదు. తరువాతి కాథలిక్ పండితులు ఆ సందులోంచే నడుస్తున్నారు. కొందరు, గుంపులోంచి దేవుడు ఒక జంటను ప్రతినిధులుగా ఎన్నుకున్నాడంటారు. కొందరికి ఆదాము మానవజాతి మొత్తానికి పేరు.

మూడు జవాబుల్లో ప్రతిదానికీ ఇక్కడ తన ఇబ్బంది తనకుంది. దోషం వచ్చిందనేవాళ్లకు ఆ దోషం చేసిన ఒక్కడు కావాలి. మరణం వచ్చిందనేవాళ్లకు, మనిషి పుట్టకముందే కోట్ల ఏళ్లుగా జీవులు చస్తూ వచ్చాయని శిలాజాలు ఎదురొస్తాయి. రోమా 5లో పౌలు అన్నది మనుషుల మరణం గురించేననీ, లేక దేవునికి దూరమయ్యే మరణమనీ వాళ్లు విడదీసి చెప్పాలి. మాదిరి చెడిందనేవాళ్లకు మొదటి జంట ఉన్నా లేకపోయినా ఒకటే. కానీ మాదిరి మాత్రమే అయితే, ఇన్ని తరాల్లో దాన్ని తప్పించుకున్నవాళ్లు కొందరైనా ఉండాలి కదా అన్న ప్రశ్నకు వాళ్లు ఇంకా సరైన జవాబు చెప్పలేదు.